రెండు వందల పన్నెండో తాళంచెవి

మూతపడి తొమ్మిదేళ్లయిన సైనిక బ్యారక్సులో దీపం వెలిగిందంటే పోయినవారం మీలో సగం మంది దయ్యమనే అనుకొని ఉంటారు. దయ్యాలకు కరెంటుతో పనేముంది చెప్పండి! శేషయ్యకు తట్టిందీ అదే. అందుకే కూతురు యోగిత కారు వెనక్కి తిప్పుతానన్నా వినకుండా దిగి, వానలోనే గేటు దాకా నడిచాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను, మిగిలినవారు ఓపిక పట్టండి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ముప్పై నాలుగేళ్లు బ్యారక్ స్టోర్సు చూసి రిటైరైన మనిషి శేషయ్య. ఆర్నెల్లు ఉండి పోదామని భార్య సుందరమ్మతో సముద్రాలు దాటి, కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో కూతురింటికి వచ్చాడు. వచ్చిన రెండు నెలలకే లోకమంతా తలుపులు వేసుకుంది. ఇప్పటికి పద్నాలుగు నెలలు దాటాయి. యోగితది పక్కనే ఉన్న నాక్‌బేగ్ టౌన్ కౌన్సిల్లో ప్లానింగ్ ఉద్యోగం. ఆ ఊరి పాత బ్యారక్సులోని డ్రిల్ హాలు పనికొస్తుందని తేలితే టీకా కేంద్రం చేస్తారు. పనికిరాదంటే హాలుతో సహా మొత్తం పడగొట్టడానికి ఒక బిల్డరు సిద్ధంగా ఉన్నాడు, ఊళ్లో ముసలీ ముతకా టీకా కోసం ముప్పై మైళ్లు పోవాలి. ఆ సంగతి తేల్చే ఆన్‌లైన్ సమావేశం ఇవాళ పదకొండింటికి.

'నీళ్లు లేవు, కరెంటు లేదు, కప్పు కారుతోంది' అని యోగిత నివేదికలో ఇదివరకే రాసిపెట్టింది. లాక్‌డౌన్‌లో ఎవరూ గడప దాటలేదు కాబట్టి పాత ఫోటోలు చూసి రాసింది. ఆ ముక్క తెలిసిన దగ్గర్నుంచి శేషయ్యకు అన్నం సయించలేదు. "చూడకుండ రాసుడేంది బిడ్డా? గసొంటి కాగితం మీద నీ పేరెట్ల పెడ్తవ్?" అని మూడు రోజులు పోరుపెట్టాడు. చివరికి పోరు పడలేక ఆ పిల్ల తీసుకొచ్చింది. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి దాటకూడదన్న అయిదు కిలోమీటర్ల గీతకు ఈ గేటు రెండు వందల మీటర్లు లోపలే ఉందని ఆయన ఫోనులో రెండుసార్లు చూసుకొని మరీ కారెక్కాడు.

అదీ సంగతి. గేటు గొలుసు మీద లోపలి నుంచి ఒక చెయ్యి పడింది, అక్కడ ఆపాం.

ఆ చెయ్యి ఒక పొడుగాటి ముసలాయనది. డెబ్బై పైనే ఉంటాయి. మాస్కు కట్టుకున్నాడు, తల మీద నల్ల బెరే టోపీ, చెంపలు నున్నగా గీసుకున్నాడు, బూట్ల మీద వానచుక్కలు నిలవడం లేదు. ఆ బూట్లను చూడగానే శేషయ్య వెన్ను దానంతట అదే నిటారైంది.

"అక్కడే ఆగండి. రెండు మీటర్లు," అన్నాడాయన. ఇంగ్లీషులోనే అన్నాడనుకోండి, అందులోనూ కార్క్ యాస, ప్రతి మాటా చివర మెట్టెక్కినట్టు పైకి లేస్తుంది. మన వీలు కోసం తెలుగులో చెప్పుకుందాం.

యోగిత కౌన్సిల్ కార్డు పైకెత్తి చూపించింది. "నేను ప్లానింగ్ విభాగం నుంచి. హాలు చూడాలి. పావుగంట చాలు."

"కార్డు గ్రాండ్‌గా ఉందమ్మా. స్వీకరణ పత్రం ఏది?"

"ఏ పత్రం?"

"బ్యారక్సును స్వీకరించడానికి వచ్చినవాళ్లు తెచ్చే పత్రం. అది లేకుండా గేటు తీయను."

యోగితకు ఒళ్లు మండింది. తెలుగులోకి దిగింది. "నాన్నా, ఈయనెవరో వాచ్‌మన్ లాగున్నడు. నేను ఆఫీసుకి కాల్ చేస్త. టైం తొమ్మిదైంది, పదకొండుకి మీటింగ్, నా ప్రాణం తియ్యకు."

"ఊకో బిడ్డా," అన్నాడు శేషయ్య. ఆయన చూపు ముసలాయన నడుముకున్న గుత్తి మీద ఉంది. ప్రతి తాళంచెవికీ గుండ్రటి ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఉలితో కొట్టిన నంబరు. ముప్పై నాలుగేళ్లు అలాంటి బిళ్లలనే తన బొటనవేలితో తుడిచాడు. గొంతు సవరించుకొని, తనకొచ్చిన ఆర్మీ ఇంగ్లీషులో అడిగాడు: "సర్, మార్చింగ్ ఔట్ ఇన్‌స్పెక్షన్ అయిందా?"

ముసలాయన చెయ్యి గొలుసు మీద అలాగే ఆగిపోయింది.

మార్చింగ్ ఔట్ అంటే ఏమిటో చెప్పాలి. పల్టను ఒక చోటు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు అప్పగించేవాడు ముందు నడుస్తాడు, తీసుకొనేవాడు వెనక నడుస్తాడు. తలుపు తలుపుకీ ఆగి, ఉన్నదేదో లేనిదేదో పైకి చదివి, చివర్న ఇద్దరూ సంతకాలు పెడతారు. రెండో సంతకం పడేదాకా మొదటివాడి మెడ మీంచి బాధ్యత దిగదు. ఆ పద్ధతిని సికింద్రాబాద్‌లోని తిరుమలగిరి బ్యారక్సులకు నేర్పిందీ, నాక్‌బేగ్‌కు నేర్పిందీ ఒకే దొరలు. దొరలు రెండు చోట్ల నుంచీ ఎప్పుడో వెళ్లిపోయారు. వాళ్ల ఫారాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"మీరు ఏ రెజిమెంటు?" అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

"రెజిమెంటు కాదు సర్. బ్యారక్ స్టోర్స్. సికింద్రాబాద్."

"డోనల్ కియోహేన్. క్వార్టర్‌మాస్టర్ సార్జెంట్." ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి గేటు ఊచల్లోంచి చూపించాడు. "ఇన్‌స్పెక్షన్ సగమే అయింది."

శేషయ్య కళ్లద్దాలు తుడుచుకొని చూశాడు. ఫారం అచ్చం అదే! అవే గళ్లు, అదే వరస, చివర్న అవే రెండు గీతలు. 'అప్పగించినవారు' అన్న గీత మీద డి. కియోహేన్ అని సంతకం, తొమ్మిదేళ్ల కిందటి తేదీ. 'స్వీకరించినవారు' అన్న గీత ఖాళీ. దాని కింద టైపు చేసిన పేరేదో ఉంది గానీ కవరు మీద తడికి కనిపించలేదు. ఎన్ని సముద్రాలు దాటి వచ్చాడో, అక్కడ తన బల్ల మీది కాగితం ఇక్కడ ఇంకొకరి చేతిలో చూసేసరికి శేషయ్యకు ఒళ్లు జలదరించింది.

"అంటే... ఆ రోజు నుంచీ?"

"ఎవరూ తీసుకోలేదు మరి. తీసుకోనప్పుడు నాదే కదా," అన్నాడు కియోహేన్. చాలా మామూలుగా అన్నాడు. తరవాత యోగిత వైపు తిరిగాడు. "కౌన్సిల్ తరఫున మీరు తీసుకుంటారా? అయితే గేటు తీస్తాను. కానీ పద్ధతి ప్రకారం."

"పద్ధతి ప్రకారమే," అని కూతురి కన్నా ముందు తండ్రి మాటిచ్చేశాడు.

లోపల మైదానం. గడ్డి కోసి ఉంది. కిటికీల చెక్కలకు పచ్చ రంగు, మొన్న వేసినట్టే ఉంది. కియోహేన్ ముందు, శేషయ్య వెనక, ఇద్దరి మధ్య రెండు మీటర్లు. ఆ వెనక గొడుగు పట్టుకొని, ఫోనులో టైం చూసుకుంటూ యోగిత. నడుస్తూనే కియోహేన్ ఆ మూసివేత కథ చెప్పాడు.

"మూసే ముందు తొమ్మిది నెలలు ఒక సంఘం కూర్చుంది. మూసివేత సంఘం. పని తెలియనివాళ్లని అనను, బాగా చేశారు. సైనికులు ఏ ఊరు పోవాలి, వాళ్ల పిల్లలకి ఏ బడిలో సీట్లు, వంటవాళ్లకీ ఊడ్చేవాళ్లకీ ఏ పని, మాకు మాంసం వేసే కసాయి కొట్టు ఎలా బతకాలి, స్థలంలో ఎన్ని ఇళ్లు, ఎంత పార్కు... మూడు వందల పేజీలు రాశారు. మా గుర్రాలకి ఒకప్పుడు నీళ్లు పెట్టిన తొట్టి కూడా ఉంది అందులో. ఆఖరి రోజు జెండా దించాం. బ్యాండు వెళ్లిపోయింది. సంఘం మనిషి నాలుగింటికి వచ్చి తాళాలు తీసుకోవాలి. ఆరు దాకా చూశాను. రాలేదు. సంఘమేమో కౌన్సిల్ తీసుకుందనుకుంది, కౌన్సిలేమో సంఘం తీసుకుందనుకుంది. మర్నాడు సంఘమే రద్దయింది."

"మరి మీరు చెప్పలేదా?" అంది యోగిత.

"ఏడు ఉత్తరాలు రాశానమ్మా. ఎనిమిదోది రాసే బదులు తలుపులకి నూనె పెట్టడం నయమనిపించింది."

హాలు తలుపు దగ్గర ఆగి, బిళ్ల చూసి, "నూట ఎనభై. డ్రిల్ హాలు, ప్రధాన ద్వారం," అని పైకి చదివి తెరిచాడు. మీట నొక్కగానే నలభై దీపాలు ఒక్కసారిగా వెలిగాయి.

యోగిత గుమ్మంలోనే ఆగి చూసింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చెక్క నేల మెరుస్తోంది. కప్పు వంక చూసింది, ఒక్క మరక లేదు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై రెండు చూపిస్తోంది, సరిగ్గా. పక్క గదిలో వరసగా పన్నెండు కుళాయిలు. కియోహేన్ ఒక్కొక్కటే తిప్పుతూ వెళ్లాడు, పన్నెండింట్లోనూ నీళ్లు తెల్లగా దూకాయి. వారానికోసారి అన్నీ అయిదేసి నిమిషాలు వదులుతాడట, గొట్టంలో నీళ్లు నిలవుంటే జబ్బులొస్తాయని.

"కప్పు కారుతోందని రాసిన కదా నాన్నా," అంది ఆ పిల్ల. "నీళ్లు లేవని రాసిన. ఫోటో చూసి రాసిన."

"రాసినది దిద్దుకోవచ్చు బిడ్డా. ఇంకా టైమున్నది." కానీ శేషయ్య చూపు ఆమె మీద లేదు. ఆ నేలను చూస్తున్నాడు. ఇంత నేలను ఒక్కడు, తొమ్మిదేళ్లు, ఎవడూ చూడని చోట తుడిచాడు! తాను జీతం తీసుకొని, అధికారి వస్తాడని భయపడి చేసిన పని ఇది. ఈ మనిషికి వచ్చేవాడూ లేడు, అడిగేవాడూ లేడు. మాస్కు లేకపోతే నోరు తెరుచుకున్నట్టు అందరికీ తెలిసిపోయేది. వంగి ఆ నేలను వేళ్లతో తాకి, ఎవరూ చూడకుండా కళ్లకద్దుకున్నాడు.

సుందరమ్మ కట్టిచ్చిన సర్వపిండి డబ్బాను కిటికీ గూట్లో పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, "తినండి సర్," అన్నాడు. కియోహేన్ గోడ వైపు తిరిగి మాస్కు దించి కొరికాడు. కారానికి కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే రెండోది తీసుకున్నాడు.

ఆఖరుకు తాళాల బీరువా. ఇత్తడి కొక్కేలు వరసగా, ఒక్కో దానికీ ఒక నంబరు. హాలుకు సంబంధించినవి నూట ఎనభై నుంచి రెండు వందల పదిహేను దాకా. శేషయ్య చదువుతుంటే కియోహేన్ గుత్తిలోంచి తీసి తగిలిస్తూ 'ఉంది' అంటున్నాడు. ఇద్దరి గొంతులూ ఒక లయలో పడిపోయాయి. యోగితకు అది పూజ దగ్గర నామాలు చదివినట్టే వినిపించింది.

"రెండు వందల పదకొండు."

"ఉంది."

"రెండు వందల పన్నెండు."

శేషయ్య తల ఎత్తాడు. గుత్తిలో ఆ నంబరు లేదు. కొక్కెం ఖాళీగా ఉంది.

"పోయిందని రాయండి," అన్నాడు కియోహేన్ గోడను చూస్తూ. "ఆ గది వాడుకలో లేదు."

శేషయ్య కలం ఎత్తాడు. రాయడానికి ఎంతసేపు! హాలు దక్కుతుంది, కూతురి పని పూర్తవుతుంది, ముసలాయన పరువూ నిలబడుతుంది. కానీ ఇరవై ఆరేళ్ల కిందట ఒకసారి ఇలాగే కలం ఎత్తాడు ఆయన. నీళ్ల తొట్టికి మూత ఉందని సుబేదారు చెబితే, 'అంత దూరం ఎండలో ఎవడు పోతాడులే' అని చూడకుండానే టిక్కు పెట్టాడు. మూడో రోజు ఒక హవల్దారు కూతురు ఆ తొట్టిలో పడింది. పిల్ల బతికింది, దేవుడి దయ. కానీ ఆ తల్లి స్టోర్సు గుమ్మంలో నిలబడి తన వైపు చూసిన చూపు ఇప్పటికీ ఆయన కంచం ముందు కూర్చున్నప్పుడల్లా వస్తుంది.

ఆ కథంతా వచ్చీరాని ఇంగ్లీషులో కియోహేన్‌కు చెప్పాడు. సుందరమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పని కథ. యోగిత కూడా అప్పుడే వింది.

కియోహేన్ చివరిదాకా విన్నాడు. తరవాత చొక్కా లోపలి నుంచి మెడ గొలుసు బయటికి తీశాడు. సిలువ పక్కనే వేలాడుతోంది ఇత్తడి బిళ్ల. రెండు వందల పన్నెండు.

హాలు వెనక, నేలలోకి దిగే రాతి మెట్లు. దిగుతుంటే అడుగు నుంచి చిన్నగా ఒక హోరు. తలుపు తెరిస్తే గుండ్రటి రాతి గది, మధ్యలో బావి. అంచు రాయి చేతులు రాసీ రాసీ అద్దంలా అయింది. కియోహేన్ టార్చి వేశాడు. ఎంతో లోతున, రాతి సందులోంచి నీళ్లు ఊరుతున్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. పక్కన పచ్చ రంగు పంపు తిరుగుతోంది. అరలో నీళ్లు శుద్ధి చేసే మందు డబ్బాలు, తొమ్మిది నోటు పుస్తకాలు, ఏడాదికొకటి. శేషయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎవరికో ఆయనకే తెలియదు, నీళ్లకో, ఆ మనిషికో.

"ఇది ఎక్కడికి పోతుంది?" అంది యోగిత.

"గేటు బయట వరస ఇళ్లున్నాయే, ఒకప్పటి సైనికుల కుటుంబాలవి. నలభై మూడు ఇళ్లు. గొట్టం మా కుర్రాళ్లే వేశారు. మూడు వందల పేజీల్లో ఈ మాట లేదు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఊపిరి గురించి ఎవరు చెబుతారు? అవి కౌన్సిల్ నీళ్లనుకొనే తాగుతున్నారు అందరూ. రోజూ పొద్దున్నే నేనే మందు కలుపుతాను."

"నాన్నా, ఇది నేను రాస్తే సాయంత్రానికల్లా ఈ నీళ్లు ఆపేస్తరు. పర్మిషన్ లేని నీళ్లు. హాలు కూడా పోతది. రాయకపోతే..."

"రాయకండి," అన్నాడు కియోహేన్. "నేనున్నాను కదా."

శేషయ్య ఆయన ముఖంలోకి చూశాడు. డెబ్బై నాలుగేళ్లు. ఒంటరి మనిషి. టీకా ఇంకా పడలేదు. "సర్," అన్నాడు మెల్లగా, "రేపు మీకు జ్వరమొస్తే? మందు ఎవరు కలుపుతారు?"

కియోహేన్ బావి అంచు మీద కూర్చున్నాడు. ఈ ప్రశ్న ఆయన కూడా ఏడాదిగా రోజూ వేసుకుంటున్నదేనని ఆ కూర్చోవడంలోనే తెలిసింది. కాసేపటికి మెడలోంచి గొలుసు తీసి, తాళంచెవి విప్పి, అంచు రాయి మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

పదకొండుకు రెండు నిమిషాలుండగా హాల్లో కిటికీ గూట్లో యోగిత ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద పది చిన్న గళ్లు, పది వంటిళ్లు. మధ్యలో కౌన్సిల్ అధ్యక్షురాలు మోరా ట్వోమీ, అరవై ఏళ్లుంటాయి, వెనక నీలం రంగు అలమర, దాని నిండా కప్పులు. గ్లాసులో నీళ్లు ఒక గుక్క తాగి, "యోగితా, నీ నివేదికలో మార్పులేమైనా ఉన్నాయా?" అంది.

యోగిత తండ్రి వంక చూసింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా," అన్నాడాయన.

చెప్పింది. హాలు బాగుందని, తాను రాసింది తప్పని, క్షమించమని చెప్పింది. "ఒక లోపం కూడా ఉంది," అని, రెండు వందల పన్నెండో తలుపు వెనక ఏముందో, ఆ నీళ్లు ఏ నలభై మూడు ఇళ్లకు పోతున్నాయో చెప్పింది.

అధ్యక్షురాలు మళ్లీ తాగబోతూ ఎత్తిన గ్లాసు పెదవుల దగ్గర ఆగిపోయింది. దాన్ని దించి, ఎదురుగా పెట్టి, అందులోకి చూస్తూ ఉండిపోయింది.

"నాది పదిహేడో నంబరు," అంది చివరికి. "మా అమ్మ ఇల్లు." తల ఎత్తింది. "డోనల్ కియోహేన్ అక్కడున్నాడా? నేను వస్తున్నాను. నేను వచ్చేదాకా ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకండి. ఎవరూ!"

లేచి వెళ్లిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీ, నీళ్ల గ్లాసు మిగిలాయి.

శేషయ్య వెనక్కి తిరిగాడు. కియోహేన్ బెరే సరిచేసుకొని, కవరులోంచి ఫారం బయటికి తీసి, తడి తుడిచి ఆయన వైపు పట్టుకొని ఉన్నాడు. ఖాళీ గీత కింద టైపు చేసిన పేరు ఇప్పుడు స్పష్టంగా కనిపించింది: ఎం. ట్వోమీ, కార్యదర్శి, మూసివేత సంఘం.

"ఆ రోజు నాలుగింటికి రావలసిన మనిషి ఈవిడే," అన్నాడు కియోహేన్.